బేస్ అంటే బాక్సు కాదు



మన పాలమూరులోనో నల్లగొండలోనో బేస్ అన్న మాట ఎత్తితే అందరికీ ముందు గుర్తొచ్చేది డీజే బాక్సు. బారాత్ వీధి మలుపు తిరుగుతుంటే కిటికీ రెక్కలు కొట్టుకుంటాయి, గుండెల మీద ఎవరో గుద్దుతున్నట్టు ఉంటుంది. పెళ్లికొడుకు తరఫువాళ్లు "బేస్ పెంచు తమ్మీ" అని అరుస్తారు, ఆ పిల్లగాడు ఒక నాబ్ తిప్పుతాడు. దాంతో పెరిగేది మోత మాత్రమే. ఆ మోతలో ఏ స్వరం ఉందో ఎవరూ అడగరు, అడిగినా జవాబు దొరకదు. నేను ఈ రోజు చెప్పబోయే బేస్ గిటారు పని సరిగ్గా దానికి ఎదురు. పాట కింద ఏ స్వరం నిలబడాలి, అది ఎప్పుడు మొదలు కావాలి, ఎప్పుడు ఆగాలి అన్నదే దాని బాధ్యత. మోత పెంచడం మిక్సర్ దగ్గర కూర్చున్నవాడి పని.

ఎప్పుడూ చూడనివాళ్ల కోసం రెండు మాటలు. చూడటానికి మామూలు ఎలక్ట్రిక్ గిటారులాగే ఉంటుంది, మెడ మాత్రం పొడుగు. ఆరు తీగలకు బదులు నాలుగే, అవీ లావుగా ఉంటాయి. భుజాన వేసుకుని వీధిలో నడుస్తుంటే ఎవరో ఒక పిల్లవాడు తప్పకుండా అడుగుతాడు: "సార్, గీ గిటారుకు రెండు తీగలు తెగినయా?" తెగలేదు నాయనా, ఇది ఇంతే. పైనుంచి ఇ, ఎ, డి, జి. మామూలు గిటారులో లావు తీగలు నాలుగూ ఇవే, కాకపోతే ఒక స్థాయి కిందికి దిగి మోగుతాయి. అన్నిటికన్నా లావైన ఇ తీగ సెకనుకు 41 సార్లు కంపిస్తుంది. వినండి.

(బేస్ మీద ఇ తీగ, ఒక్కసారి, పూర్తిగా మోగి ఆగేవరకు.)

ఇప్పుడు మీరు విన్నది నిజానికి ఆ 41 కాదు. మీ చేతిలోని రేడియోకైనా ఫోనుకైనా ఉన్న స్పీకరు అరచేతి కన్నా చిన్నది. అంత కింది కంపనాన్ని అది పుట్టించలేదు. దానికి రెట్టింపు 82, మూడింతలు 123, ఆ పైవి మాత్రమే వీలైనంత వరకు మీదాకా చేరాయి. వాటిని బట్టి కింద ఉండాల్సిన స్వరం ఏదో మీ చెవే లెక్కగట్టుకుని వినిపించుకుంది. బేస్ వాయించేవాడు దీన్ని మొదటి రోజే తెలుసుకోవాలి. రికార్డింగు సంగతి వచ్చినప్పుడు మళ్లీ ఇక్కడికే వస్తాను.

ఈ వాద్యానికీ రేడియోకూ చుట్టరికం ఉంది. 1951లో అమెరికాలో దీన్ని మార్కెట్లోకి తెచ్చిన లియో ఫెండర్ సంగీతకారుడు కాదు, ఆయనకు గిటారు వాయించడమే రాదు. కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో రేడియోలు బాగుచేసే దుకాణం పెట్టుకున్న మనిషి. అప్పటిదాకా బ్యాండ్లలో కింది స్వరాలకు నిలువెత్తు డబుల్ బేస్ ఉండేది. దాన్ని బస్సెక్కించడం ఒక యాతన, డ్రమ్సు బాకాల మధ్య అది వినిపించకపోవడం ఇంకో యాతన. దాని మెడ మీద వేలు ఎక్కడ పెట్టాలో చూపే మెట్లు లేవు కాబట్టి వేలు వెంట్రుకవాసి తప్పినా స్వరం తప్పేది. ఫెండర్ ఆ తీగల్ని ఒక చెక్క పలక మీద బిగించి, మెట్లు కొట్టి, కింద అయస్కాంతపు పికప్ పెట్టాడు. అంతకు ముందే, 1930ల్లో, సియాటిల్‌లో పాల్ టట్‌మార్క్ అనే ఆయన ఇలాంటిదే చేశాడు కానీ అది జనంలోకి పోలేదు. ఫెండర్ పెట్టిన కొలత, మెడ చివర తీగలు ఆనే నట్ నుంచి ఒంటి మీద అవి ఆనే బ్రిడ్జి దాకా 34 అంగుళాలు, ఇప్పటికీ మామూలు కొలతగా నడుస్తున్నది.

ఇక మన దగ్గరకు వద్దాం. ఈ రెండు పాత జిల్లాల్లో బేస్ గిటారు ఎక్కడ కనబడుతుందంటే నేను ముందు చర్చి పేరే చెప్తాను. ఇరవయ్యో శతాబ్దం తొలి దశకాల్లో మెన్నొనైట్ బ్రదరన్ మిషనరీలు నాగర్‌కర్నూలులో, దేవరకొండలో స్థిరపడ్డారు. నల్లగొండ వైపు బాప్టిస్టులు ఉన్నారు, 1976 నుంచి కథోలిక పీఠం కూడా ఉంది. హార్మోనియం, తబలాలతో కీర్తనలు పాడిన ఆ గుడుల్లో ఇప్పుడు ఆదివారం ఆరాధనకు కీబోర్డు, ప్యాడ్, డ్రమ్సు, పక్కన ఒక బేస్ గిటారు. నేర్పే మాస్టారంటూ ఉండడు. ముందు వాయించినవాడు ఉద్యోగానికి హైదరాబాద్ పోతే ఆ బేస్ పక్కనున్న తమ్ముడి మెడలో పడుతుంది. వారం వారం నలుగురితో కలిసి, పాడేవాళ్ల గొంతును బట్టి శ్రుతి మార్చుకుంటూ వాయించాలి. ఇంతకన్నా మంచి బడి లేదు. బేస్ ఒంటరిగా గదిలో కూర్చుని పూర్తిగా నేర్చుకోగలిగే వాద్యం కాదు.

కొనే విషయం. బేస్‌లు నాలుగైదు వరసగా పెట్టి వాయించి చూపించే దుకాణం కావాలంటే మన జిల్లాల నుంచి హైదరాబాద్ పోవాల్సిందే. బస్సు ఛార్జీకి వెనకాడి ఆన్‌లైన్‌లో బొమ్మ చూసి కొనొద్దని నా సలహా. యమహా, ఐబనెజ్, కోర్ట్ లాంటి కంపెనీల మొదటి మెట్టు బేస్‌లు పదిహేను వేల నుంచి పాతిక వేల మధ్య దొరుకుతాయి, హాబీకి అవి ధారాళంగా సరిపోతాయి. దుకాణంలో ఒళ్లో పెట్టుకుని కాదు, పట్టీ వేసుకుని నిలబడి చూడండి. సుమారు నాలుగు కిలోలుంటుంది. చెయ్యి తీసేస్తే మెడ నేలకు వాలిపోతుంటే ఆ బేస్ వద్దు, పాట పొడుగునా ఎడమ చేత్తో దాన్ని మోస్తూనే ఉండాల్సి వస్తుంది. తర్వాత ప్రతి తీగనూ ప్రతి మెట్టు మీదా ఒక్కసారి మోగించండి. దుకాణదారు విసుక్కున్నా సరే. పన్నెండో మెట్టు మీద తీగను తేలిగ్గా తాకి ఒకసారి, నొక్కి ఒకసారి మీటండి. రెండూ ఒకే స్వరం కావాలి. చిన్న చేతులవాళ్లకు, పిల్లలకు 30 అంగుళాల పొట్టి బేస్ మేలు. పెద్దదాని మీద మొదటి మెట్టే దాదాపు ఐదు సెంటీమీటర్లు ఉంటుంది, లేత వేళ్లు అంత సాగవు.

బ్యాటరీతో నడిచే యాక్టివ్ బేస్‌లని కొన్ని ఉంటాయి. కేబుల్ తీయకుండా వదిలేస్తే వాటి 9 వోల్టుల బ్యాటరీ వాయించకపోయినా ఖర్చవుతూనే ఉంటుంది. మొదటి బేస్‌కు అది లేకపోవడమే సుఖం. తీగలు ఖరీదు: ఒక్క సెట్టు డబ్బుకు మామూలు గిటారు సెట్లు రెండు మూడు వస్తాయి. అదృష్టమేమిటంటే తరచూ మార్చనక్కర్లేదు. మోటౌన్ కంపెనీ పాటల్లో బేస్ వాయించిన జేమ్స్ జేమర్‌సన్ తెగితే తప్ప తీగలు మార్చేవాడు కాదట. పైగా కుడి చేతి చూపుడు వేలు ఒక్కదానితోనే వాయించాడు. మనలాంటివాళ్లు చూపుడు, మధ్య వేళ్లు మార్చి మార్చి వాడితే చాలు.

ఆంప్లిఫయర్ (ఆంప్) దగ్గర మాత్రం పిసినారితనం పనికిరాదు. 15 వాట్ల డబ్బా పడగ్గదికి సరే, డ్రమ్సు పక్కన దాని గొంతు లేవదు. మామూలు గిటారు ఆంప్‌లో బేస్ పెట్టి గట్టిగా వాయిస్తే దాని స్పీకరు చిరిగిపోవచ్చు. కీబోర్డు ఆంప్ ఉంటే నిశ్చింతగా వాడొచ్చు. వేదిక మీద అయితే డీఐ బాక్సు అనే చిన్న పెట్టె ద్వారా నేరుగా మిక్సర్‌కు ఇచ్చేయడమే ఉత్తమం.

ఇప్పుడు ఏ పుస్తకంలోనూ మన ఊరి కోసం రాయని సంగతి ఒకటి: ఎండ. నల్లగొండలో ఏప్రిల్, మే నెలల్లో 44, 45 డిగ్రీలు మామూలు. గాలిలో తడి ఉండదు. బేస్ మెడను నాలుగు తీగలూ కలిసి 70, 80 కిలోల బరువుతో లాగుతుంటాయి. దానికి ఎదురు నిలవడానికి మెడ లోపల ఒక ఇనుప కడ్డీ ఉంటుంది, ట్రస్ రాడ్ అంటారు. ఎండాకాలం కట్టె ఆరిపోయి మెడ వెనక్కి వాలుతుంది, తీగలు మెట్లకు తగిలి జర్రుమంటాయి. కట్టె కుంచించుకుపోయి మెట్ల అంచులు బయటికి పొడుచుకొచ్చి అరచేతికి గీసుకుంటాయి. వానాకాలం వచ్చేసరికి అదే మెడ తడి పీల్చి ముందుకు వంగుతుంది, తీగలు పైకి లేచి నొక్కడానికి వేళ్లు నొప్పెడతాయి. జనం బేస్ పాడైందనుకుంటారు. పాడు కాలేదు, అది కాలాన్ని బట్టి కదులుతున్నది.

పరీక్ష సులభం. ఇ తీగను మొదటి మెట్టు మీద ఒక చేత్తో, మెడ ఒంటికి అతుక్కునే చోట ఇంకో చేత్తో నొక్కి పట్టండి. ఇప్పుడు తీగ ఒక తిన్నని గీత. నడుమ, ఏడో ఎనిమిదో మెట్టు దగ్గర, తీగకూ మెట్టుకూ మధ్య విజిటింగ్ కార్డు పట్టేంత సందు ఉండాలి. సందు లేకపోతే కడ్డీని వదులు చేయాలి, ఎక్కువైతే బిగించాలి. బేస్‌తో పాటు వచ్చే అలెన్ కీతో పావు చుట్టు మాత్రమే తిప్పి, మళ్లీ శ్రుతి చేసి, ఒక రాత్రి అలా ఉంచి, మర్నాడు చూడండి. బిగుసుకుపోయిందని బలం పెడితే కడ్డీ తెగుతుంది, ఆ మెడ ఇంక పనికిరాదు. అన్నిటికన్నా ముఖ్యం: బేస్‌ను కూలర్ గాలికి ఎదురుగా పెట్టొద్దు. పగలంతా ఎండిన గదిలో ఉండి, రాత్రంతా తడి గాలి మింగి, అది రోజూ రెండు రుతువులు చూస్తుంది. తీగలు కూడా వారం తిరక్కుండానే తుప్పు పడతాయి.

వాయించడం ఎవరిని చూసి నేర్చుకోవాలి? తెలుగువాళ్లకు దీనికి దూరం పోనక్కర్లేదు. ఇళయరాజా 1980ల పాటలు చాలు. సాగర సంగమం, గీతాంజలి పాటలు హెడ్‌ఫోన్సు పెట్టుకుని, గాయకుణ్ని పట్టించుకోకుండా, కింద నడిచేదాన్ని మాత్రమే వెంబడించండి. పైన పల్లవి ఒక దారిన పోతుంటే కింద బేస్ తన సొంత రాగం ఒకటి అల్లుకుంటూ పోతుంది. రెండూ ఎక్కడో కలుస్తాయి, మళ్లీ విడిపోతాయి. ఆయన ఈ భాగాలు కాగితం మీద స్వరం స్వరం రాసి ఇచ్చేవాడు, శశిధరన్ వాయించేవారు. బాఖ్‌నూ త్యాగరాజునూ ఒకచోట కూర్చోబెట్టి 1986లో హౌ టు నేమ్ ఇట్ అనే ఆల్బమ్ చేసిన మనిషికి బేస్ అంటే రెండో గొంతు. ఆ తర్వాత రెహమాన్ పాటల్లో కీత్ పీటర్స్ బేస్ వినండి, అక్కడ స్వరాలు తక్కువ, వాటి మధ్య ఖాళీ ఎక్కువ.

సినిమా పాటలు నేర్చుకున్న చేత్తో మన ఊరి పాట ముట్టుకుంటే మాత్రం తంటా మొదలవుతుంది. నా అభిప్రాయం కొంచెం ఘాటుగానే చెప్తాను. ఈ నేల మీది పాట ఒక గొంతు, ఒక డప్పు మీద నిలబడింది. సుద్దాల హనుమంతు పాటలైనా గోరటి వెంకన్న పాటలైనా వాటికి కార్డులు (ఒకేసారి కలిపి మోగించే స్వరాలు) లేవు, రాగమే ఒంటరిగా నడుస్తుంది. దాని కింద బేస్ మారితే పైనున్న రాగం మారకపోయినా దాని రుచి మారిపోతుంది. పాటగాడు షడ్జం మీద నిలబడి ఉన్నప్పుడు మీరు కిందికి రెండు స్వరాలు దిగారనుకోండి, దుఃఖం లేని చోట సినిమా దుఃఖం వచ్చి చేరుతుంది. చాలామంది కుర్రాళ్లు యూట్యూబ్ జానపదాల్లో ఇదే చేస్తున్నారు, అదీ కీబోర్డు బేస్‌తో. నాలుగు కార్డులు ఒక చక్రం తిప్పుతారు, ఏ పాటైనా అందులోనే నలగాలి.

నిలబడటం ఎలాగో చూపించిన తీగలు మన దగ్గరే ఉన్నాయి. నాగర్‌కర్నూలు జిల్లా అవుసలికుంట దర్శనం మొగిలయ్య గారి పన్నెండు మెట్ల కిన్నెర చూసే ఉంటారు. వెదురు కర్ర, సొరకాయ బుర్రలు, మైనంతో అతికిన మెట్లు. 2021లో భీమ్లా నాయక్ పాటతో దాన్ని రాష్ట్రమంతా విన్నది, 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. జానపద వీరుడు పండుగ సాయన్న కథ చెప్తున్నప్పుడు ఆ వాద్యం పాటతో పోటీ పడదు. మాట ఆగిన చోట నాలుగు స్వరాలు పలికి, మాట అందుకోగానే తగ్గుతుంది. నారాయణపేట జిల్లా దామరగిద్దకు చెందిన దాసరి కొండప్ప గారికి బుర్రవీణ వాదనకు 2024లో పద్మశ్రీ ఇచ్చారు. అదీ గొంతు కింద ఉండే తీగే. ఇంకోటి బైండ్లవాళ్ల జమిడిక. ఎల్లమ్మ కథలో చంకన పెట్టుకుని, తోలుకు కట్టిన తీగను బిగిస్తూ వదులుతూ మీటుతుంటే స్వరం కింద నుంచి పైకి జారుతుంది. మెట్లు పీకేసిన బేస్ మీద జాకో పాస్టోరియస్ లోకాన్ని ఆశ్చర్యపరిచిన జారుడు అదే జాతిది.

(బేస్ మీద ఎ తీగ నాలుగు సార్లు, తర్వాత అదే తీగ మీద కింది నుంచి పైకి ఒక జారుడు.)

కాబట్టి జానపదానికి వాయించేటప్పుడు నేను పాటించే పద్ధతి ఇది. షడ్జం మీద ఉండండి. పల్లవి రెండు సార్లు వచ్చేదాకా కదలొద్దు. కదలాలనిపిస్తే పంచమానికి పోయి రండి. చరణంలో కథ మలుపు తిరిగిన చోట ఒక్కసారి, ఒక్క స్వరం మార్చండి. వినేవాడికి ఎందుకో తెలియకుండానే అక్కడ చెవి నిక్కుతుంది. ఒక్క స్వరం మూడు నిమిషాలు వాయించడం సులభమనుకోవద్దు. డప్పు దెబ్బతో పాటు వేలు పడాలి, దెబ్బ ఎంతసేపు మోగితే స్వరం అంతసేపే ఉండి ఆగాలి. ఆపడానికే ఎడమ చెయ్యి ఎక్కువ కష్టపడుతుంది. బ్రిడ్జి దగ్గర తీగల కింద సోఫా స్పాంజి ముక్క ఒకటి దూర్చితే మోత పొట్టిదై డప్పుకు దగ్గరవుతుంది. 1950ల ఫెండర్ బేస్‌ల మూత కింద కంపెనీవాళ్లే ఇలాంటి ముక్క పెట్టి అమ్మేవారు.

చివరగా రికార్డింగు. ఫోను ఎదురుగా పెట్టి ఆంప్ మోత పట్టడం దండగ. ఒక ఆడియో ఇంటర్‌ఫేస్ కొనండి. ఐదు వేల నుంచి పన్నెండు వేల లోపు మంచివి ఉన్నాయి. బేస్ కేబుల్ అందులో, అది ల్యాప్‌టాప్‌లో. దాని మీద ఇన్‌స్ట్రుమెంట్ అని ఒక బటన్ ఉంటుంది, అది నొక్కకపోతే స్వరం నీళ్లు కలిపినట్టు పలచగా వస్తుంది. రీపర్ లాంటి సాఫ్ట్‌వేర్ తక్కువ ఖర్చు, ఆడాసిటీ ఉచితం. లెవెల్ మీటర్ ఎర్ర గీత చేరకుండా బాగా కిందనే ఉంచండి. డిజిటల్‌లో పగిలిన ధ్వనిని అతికించలేం.

తర్వాత బుయ్యిమనే హమ్. మన కరెంటు 50 హెర్ట్జ్. బేస్ లావు తీగ మూడో మెట్టు మీది స్వరం 49. అంటే హమ్ వచ్చి కూర్చునేది సరిగ్గా మనం వాయించే చోటే, ఫిల్టరుతో దాన్ని కోస్తే పాట కూడా తెగుతుంది. అందుకే మూలంలోనే ఆపాలి. ఫ్యాన్ ఎలక్ట్రానిక్ రెగ్యులేటరు ఆపండి, ట్యూబ్‌లైటు ఆపండి, రికార్డు చేసే ఆ కాసేపు ల్యాప్‌టాప్ ఛార్జరు పీకి బ్యాటరీ మీద నడపండి. అయినా పోకపోతే ఇంటి ఎర్తింగు చూడండి. మన రాతి నేలలో ఎండాకాలం ఎర్త్ గుంత లోపలిదాకా ఎండిపోతుంది, ప్లగ్గుకు మూడో పిన్ను ఉన్నా లేనట్టే. బొగ్గు, ఉప్పు వేసిన ఆ గుంతలో రెండు బకెట్ల నీళ్లు పోసి చూడండి. ఇది హమ్ కోసమే కాదు. ఎర్త్ సరిగా లేని చోట తీగలు పట్టుకుని మైకుకు పెదవి ఆనిస్తే షాకు కొడుతుంది, వేదికల మీద ప్రాణాలు పోయిన సందర్భాలూ ఉన్నాయి.

మిక్సింగులో మొదట చెప్పిన 41 గుర్తు తెచ్చుకోండి. మీ పాట వినేవాడు నూటికి తొంభై పాళ్లు ఫోనులోనే వింటాడు. బేస్ వినబడటం లేదని కింది కంపనాలు పెంచితే ఫోనులో తేడా ఏమీ రాదు, బారాత్ బాక్సులో మాత్రం ఇల్లు కూలుతుంది. దానికి బదులు బేస్ ట్రాకును ఇంకోటి కాపీ చేసి, దానికి కాస్త డిస్టార్షన్ కలిపి, కిందిదంతా కోసేసి, అసలు దాని కింద సన్నగా పెట్టండి. పై కంపనాలు ఫోనులో పలుకుతాయి, మిగతాది చెవి పూరించుకుంటుంది. ఫోనులో ఒకసారి, కారులో ఒకసారి, దొరికితే పెద్ద బాక్సులో ఒకసారి విని అప్పుడు ఖాయం చేయండి.

పాటగాణ్ని రికార్డు చేస్తుంటే మెట్రోనోమ్‌ను ఆయన చెవిలో పెట్టొద్దు. కథ చెప్పేవాడి నడక కథను బట్టి సాగుతుంది, ముడుచుకుంటుంది. ఆయన గొంతు, డప్పు ముందు తీసుకోండి, శ్రుతి ఆయనకు ఎక్కడ కుదిరితే అక్కడ. బేస్‌ను ఆ శ్రుతికే కలుపుకుని, ఆయన ఊపిరి ఎక్కడ పీలుస్తున్నాడో గుర్తులు రాసుకుని తర్వాత వాయించండి. అయ్యాక మొదట ఆయనకే వినిపించండి. "నా పాట నాకు ఇనబడుతలేదు బిడ్డా" అన్నాడంటే వాదించకుండా మీ ట్రాకు తగ్గించండి.